లేబుల్ కింద గీత

మా ప్రొఫెసరు సియావ్ గారి దగ్గర అరచేతిలో ఇమిడే లేబుల్ యంత్రం ఒకటి ఉంది. మీటలు నొక్కితే తెల్లటి జిగురు పట్టీ మీద నల్లటి అక్షరాలు అచ్చయి బయటికి వస్తాయి. యూనివర్సిటీ భవనంలో మాది నేల కింది అంతస్తు. అక్కడ మాతో పాటు ఇంకో మూడు ప్రయోగశాలలున్నాయి. ఎవరి స్క్రూడ్రైవరు సాయంత్రానికి ఎవరి బల్ల మీద తేలుతుందో చెప్పలేం. అందుకని ఏ వస్తువు కొత్తగా వచ్చినా ఆయన ముందు చేసే పని దాని మీద "సియావ్ ల్యాబ్. తీయకండి" అని అంటించడం. మీటర్లకు, పట్టకార్లకు, కుర్చీలకు, టీ కాచుకునే కెటిల్‌కు కూడా ఆ లేబుల్ ఉంటుంది. ఒకసారి నా తోటి విద్యార్థి ఇళంగో బల్ల మీద తల వాల్చి నిద్రపోతుంటే వాడి వీపుకు అంటించారు. వాడు దానితోనే రైలెక్కి ఇంటికి వెళ్ళాడు.

మాది మలేషియాలోని కెదాలో వరిపొలాల మధ్య ఊరు. మా బడిలో ఒకే ఒక్క అయస్కాంతం ఉండేది, గుర్రపు నాడా ఆకారంలో, ఎర్ర రంగు పెచ్చులూడిపోయి. సైన్సు టీచరు దాన్ని వరుసగా అందరి చేతికీ ఇచ్చేవారు. నా దాకా వచ్చేసరికి గంట కొట్టేవారు. సింగపూరు వచ్చాక నేను పని చేస్తున్న అయస్కాంతాలు చేత్తో పట్టుకునేవి కావు. మా స్ఫటికం పుస్తకంలా పొరలు పొరలుగా ఉంటుంది. జిగురు టేపుతో ఒలిచి, ఒలిచినదాన్ని మళ్ళీ ఒలిచి, రెండే రెండు పొరలున్న ముక్క కోసం సూక్ష్మదర్శిని కింద వెతుకుతాం. గాలి తగిలితే నిమిషాల్లో పాడైపోతుంది. అందుకని ఈ పనంతా మూసిన గాజుపెట్టెలో, దాని గోడకు బిగించిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి చెయ్యాలి.

ఆ ముక్కలో రెండు పొరలూ రెండు అయస్కాంతాలు. ఒకటి పైకి చూస్తే ఒకటి కిందికి చూస్తుంది. ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆ రెండింటినీ ఒకే వైపుకు తిప్పడం మా పని. పెద్ద అయస్కాంతం పక్కన పెట్టి తిప్పడం ఎవరైనా చేస్తారు. మేము వట్టి వోల్టేజీతో తిప్పాలనుకున్నాం. అలా తిప్పగలిగితే ఫోన్లూ కంప్యూటర్లూ ఒక సంగతి గుర్తు పెట్టుకోవడానికి ఇంత వేడెక్కనక్కరలేదు.

ముక్కకు పైన ఒక పలుచటి గ్రాఫైట్ రేకు, కింద ఇంకొక రేకు ఉంటాయి. రెండింటికీ ప్లస్ ఇస్తే మధ్యనున్న పొరల్లోకి ఎలక్ట్రాన్లు వచ్చి చేరతాయి. ఒకదానికి ప్లస్, ఒకదానికి మైనస్ ఇస్తే ఎలక్ట్రాన్లేమీ చేరవు. పైనుంచి కిందికి విద్యుత్ క్షేత్రం మాత్రం ఉంటుంది. ఎలక్ట్రాన్లు నింపి ఇలాంటి అయస్కాంతాలను తిప్పడం మాకంటే ముందే వేరేవాళ్ళు చేశారు. మా స్ఫటికంలో ఎలక్ట్రాన్ల అవసరమే లేదని, క్షేత్రం ఒక్కటే తిప్పగలదని చూపించింది రొహాయా అక్క. ఆమె వ్యాసంలో రెండు బొమ్మలు పక్కపక్కన ఉంటాయి. ఎలక్ట్రాన్లు నింపిన బొమ్మలో గీత చదునుగా ఉంటుంది. క్షేత్రం పెట్టిన బొమ్మలో గీత మెట్టులా పైకి లేస్తుంది. ఆ మెట్టే ఆమె వ్యాసం.

రొహాయా అక్క డాక్టరేటు ముగించి ఏడేళ్ళుగా ఇక్కడే, ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగంలో ఉంది. భర్త జైనల్, కూతురు ఇల్యా పెనాంగ్‌లో ఉంటారు. రెండు వారాలకోసారి శుక్రవారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి, సోమవారం పొద్దున బస్సు దిగి నేరుగా ల్యాబుకు వస్తుంది. పెనాంగ్‌లోనే ఒక యూనివర్సిటీలో శాశ్వత ఉద్యోగం పడింది. చివరి ఇంటర్వ్యూకు ఇద్దరినే పిలిచారు, అందులో ఆమె ఒకరు. దరఖాస్తుతో పంపిన ఆ వ్యాసం చూసే పిలిచామని వాళ్ళే చెప్పారు. అది వస్తే అక్క కూతురితో ఒకే ఇంట్లో ఉంటుంది. రాకపోతే మళ్ళీ బస్సు.

అరబ్ స్ట్రీట్ బట్టల కొట్లలో కర్టెన్ గుడ్డ కూడా కొనేసింది. లేత పసుపు మీద చిన్న చిన్న ఆకులు. ఇంటి కిటికీ కొలతలు ఇల్యా ఫోనులో చదివి చెప్పింది. అద్దెగదిలో బూజు పడుతుందని గుడ్డను ప్లాస్టిక్ సంచిలో చుట్టి మా లేజర్ బల్ల కింద పెట్టింది. ల్యాబులో తేమ ఉండదు.

వ్యాసాన్ని ఒప్పుకున్నామని పత్రిక నుంచి కబురొచ్చిన వారం, శుక్రవారం మధ్యాహ్నం అక్క విందు పెట్టింది. మా దగ్గర ఎవరి వ్యాసం ఒప్పుకుంటే వాళ్ళు అందరికీ తిండి పెట్టాలి. ఆ ఉదయం నేనొక్కదాన్నే కింద ఉన్నాను. పత్రికవాళ్ళు ఒక బొమ్మను ఇంకాస్త దగ్గర దగ్గర చుక్కలతో గీసి పంపమన్నారు. పని చిన్నదే. ముక్క ఇంకా స్టీలు పాత్రలో, హీలియం చలిలోనే ఉంది.

పక్క ల్యాబువాళ్ళు గ్యాసు సిలిండరు తోసుకెళ్తూ మా తీగలకు తగిలినట్టున్నారు. రెండు ఊడి వేలాడుతున్నాయి. ఏడాదిగా ఎవరూ ఊడదీయని తీగలవి. తగిలించేటప్పుడు చిన్న స్పార్కు వచ్చినా ముక్క చచ్చిపోతుంది. అందుకని ముందు సాకెట్లను మీటరుతో చూశాను. పై రేకుకు తీగ నేరుగా వెళ్తుంది, అది బాగానే ఉంది. కింది రేకుకు ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకని ఆ తీగ ఒక పెట్టె గుండా వెళ్తుంది. మనమిచ్చినదాన్ని ఆ పెట్టె పది రెట్లు చేస్తుంది. కంప్యూటరులో ఒక వోల్టు పెట్టి, పెట్టె సాకెట్ దగ్గర మీటరు ఆనించాను. మైనస్ పది చూపించింది.

ఎరుపు, నలుపు తీగలు తారుమారుగా పట్టుకున్నాననుకున్నాను. సరిగానే ఉన్నాయి. మీటరు పాడైందేమోనని గోడ గడియారంలోంచి బ్యాటరీ తీసి చూశాను. ప్లస్ చూపించింది. బ్యాటరీని గడియారంలో పెట్టేశాను. మళ్ళీ పెట్టె దగ్గర ఆనించాను. మైనస్.

పెట్టె ముఖం మీద, సాకెట్ పక్కనే, సియావ్ గారి లేబుల్ ఉంది. ఒక మూల కాస్త లేచింది. గోటితో పట్టుకుని నెమ్మదిగా లాగాను. చిరగకుండా ఒలవడం నాకు అలవాటైన పని. కింద, పెట్టె తయారుచేసినవాళ్ళు అచ్చువేసిన చిన్న అంకె ఉంది. పది. దాని ముందు ఒక చిన్న గీత.

ఆ పెట్టె ప్లస్ ఇస్తే మైనస్ చేసి పంపుతుంది. ఏడాదిగా అదే చేస్తోంది. మేము రెండు రేకులకూ ప్లస్ ఇచ్చామనుకున్నప్పుడల్లా కిందిదానికి మైనస్ వెళ్ళింది. కిందిదానికి మైనస్ ఇచ్చామనుకున్నప్పుడు రెండింటికీ ప్లస్ వెళ్ళింది. మేము క్షేత్రం అన్నది ఎలక్ట్రాన్లు. ఎలక్ట్రాన్లు అన్నది క్షేత్రం. వ్యాసంలోని రెండు బొమ్మలూ ఒకదాని పేరు ఒకటి పెట్టుకుని ఉన్నాయి. పేర్లు సరిచేస్తే మిగిలేది అందరికీ ముందే తెలిసిన సంగతి.

నాకేమీ అనిపించలేదు. ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు స్టూలు మీద కూర్చున్నాను. పంపు చప్పుడు వినిపిస్తోంది. అది ఎప్పుడూ ఉండేదే, కానీ వినపడటం ఆ రోజే. లేబుల్‌ను మళ్ళీ అదే చోట అంటించి అంచులు వేలితో నొక్కాను. పళ్ళేలు సర్దుతానని అక్కకు మాటిచ్చాను కాబట్టి చేతులు కడుక్కుని పైకి వెళ్ళాను.

శుక్రవారం నమాజుకు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి అక్క బల్ల నిండా పరిచేసింది. కొబ్బరిపాల అన్నం, రెండాంగ్ అనే కోడి వేపుడు కూర, దోసకాయ ముక్కలు, సంబల్ కారం.

"ఇళంగో, గొడ్డుమాంసం పెట్టలేదు, నీకోసమే కోడి వండా. సిగ్గుపడకుండా తిను," అంది.

"నేను సిగ్గుపడటం ఎప్పుడు చూశావక్కా? అసలు సంగతి చెప్పు. నువ్వు పెనాంగ్ పోతే మాకు వండిపెట్టేదెవరు? లేహా వండితే ఉప్పు ఎంతుందో మీటరు పెట్టి చూస్తుంది."

అందరూ నవ్వారు. లేహా అంటే నేనే, సలేహా. నేను దోసకాయ ముక్కలు పళ్ళేల్లోకి సర్దుతున్నాను.

"లేహా వండనక్కరలేదు," అన్నారు సియావ్ గారు. "రెండు పొరల ముక్కను రంగు చూసి పట్టేస్తుంది. అది చాలు. నువ్వేం పట్టావురా ఇన్నాళ్ళూ?"

"మీరు నా వీపుకి పట్టీ అంటించారని పట్టాను ప్రొఫ్. అది కూడా మా అమ్మ చూసి చెబితే." వాడు అన్నం కలుపుకుంటూ అక్క వైపు తిరిగాడు. "అక్కకు కూడా ఒకటి అంటించి పంపండి. 'సియావ్ ల్యాబ్. తీయకండి' అని. పెనాంగ్ వాళ్ళు భయపడి మర్నాడే వాపసు పంపేస్తారు."

"నీ నోట్లో మట్టి పడ! మంగళవారం ఇంటర్వ్యూ పెట్టుకుని అనే మాటలా ఇవి?" అంటూ అక్క గరిటెతో వాడి చేతి మీద కొట్టింది. కొట్టాక ఇంకో ముక్క వేసింది.

నాకోసం విడిగా ఒక డబ్బా తెచ్చింది. అందులో కుయె లాపిస్. గులాబీ, తెలుపు పొరలుగా ఆవిరి మీద ఉడికించే తీపి. మా వైపు పిల్లలు దాన్ని కొరికి తినరు, ఒక్కో పొర ఒలుచుకుని తింటారు.

"నీకేనే, ఎవ్వరికీ పెట్టకు. ఒలుచుకుని తిను."

"తిండి దగ్గర కూడా పొరలేనా! వీళ్ళకు పెళ్ళి చేసినా మొగుణ్ణి ఒలిచి చూస్తారు," అన్నాడు ఇళంగో.

గులాబీ పొర ఒలిచాను. తిన్నాను. తెల్ల పొర ఒలిచాను. తీపిగా ఉందని తెలుస్తోంది, అంతకుమించి ఏమీ లేదు. అన్నీ తినేశాను. అక్క నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఏంటే అలా ఉన్నావ్? ఒళ్ళు బాగాలేదా?"

"బాగానే ఉందక్కా. తిన్నాక ఒకసారి కిందికి వస్తావా?"

"పక్కవాళ్ళు తీగలు ఊడగొట్టారంట కదా. ముక్క పోయిందా ఏం?"

"లేదు. ముక్క బాగానే ఉంది."

"ముక్క బాగుంటే ఇంకేం కావాలి? వస్తాలే."

కిందికి వచ్చాక నేనేమీ వివరించలేదు. కంప్యూటరులో ఒక వోల్టు పెట్టి మీటరు ఆమె చేతికిచ్చాను. ఆమె అంకె చూసింది. ఎరుపు, నలుపు తీగలు చూసుకుంది. చుట్టూ చూసి, గోడ గడియారం దించి, బ్యాటరీ తీసింది. నేను చేసినవే, అదే వరుసలో. తర్వాత నేను లేబుల్ మూల పట్టుకుని లాగాను. చిన్న గీత కనిపించింది.

అక్క చాలాసేపు దాన్నే చూసింది.

"నువ్వెప్పుడు చూశావ్?"

"పొద్దున."

"అయితే తినేటప్పుడు నీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"పోనీలే. ముందే చెప్పుంటే నాకు ముద్ద దిగేది కాదు. నిన్నంతా కూర్చుని రుబ్బానే ఆ మసాలా." ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ మైనస్ లెక్కేసుకుని తీగలు తగిలించు. ఈసారి నిజంగా క్షేత్రం పెడదాం."

"అది చూసిందే కదక్కా. మనం ఎలక్ట్రాన్లని పేరు పెట్టిన బొమ్మ అదే. అందులో ఏమీ..."

"నాకు తెలీదా? అందులో మనం సగం దాకే పోయాం. ఇప్పుడు చివరిదాకా పోదాం."

చివరిదాకా అంటే రేకులకూ ముక్కకూ మధ్యనున్న ఇన్సులేషన్ ఓర్చుకున్నంత దాకా. అది తెగితే ముక్క ఉండదు. అలాంటి ముక్క ఇంకొకటి మా దగ్గర లేదు. అక్కకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. నేను వోల్టేజీ కొద్దికొద్దిగా పెంచుతూ పోయాను. ముక్క మీద పడి తిరిగొచ్చే లేజర్ వెలుగు, పొరలు రెండూ ఒకవైపు తిరిగితే కాస్త మెలితిరుగుతుంది. మెలితిరిగితే తెర మీద గీత పైకి లేవాలి. లేవలేదు. చుక్క పక్కన చుక్క పడుతూ, బల్ల అంచులా చదునుగా సాగింది. పాత హద్దు దాటింది. ఇంకా చదునే.

"ఆపనా అక్కా?"

"వద్దు."

ఇంకా పెంచాను. కాసేపటికి పక్క తెర మీద లీకు కరెంటు ఒక్కసారిగా పైకి ఎగిరింది. గీతలో చుక్కలు చెల్లాచెదురయ్యాయి. చప్పుడేమీ రాలేదు. అలాంటివి పోయేటప్పుడు చప్పుడు రాదు. నేను వోల్టేజీని సున్నాకు దించాను.

"పోయింది," అన్నాను.

"చూశాను," అంది అక్క. గడియారంలో బ్యాటరీ పెట్టి, టైము సరిచేసి, గోడకు తగిలించింది.

సియావ్ గారిని నేనే పిలుచుకొచ్చాను. ఆయన చేతిలో ఇంకా టీ కప్పు ఉంది. ముందు మీటరు చూశారు, తర్వాత పెట్టె చూశారు. లేబుల్ ఒక మూల పట్టుకుని వేలాడుతోంది.

"ఇది నేను అంటించిందే," అన్నారు.

ఆయన టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, చివరికి చేతిలోనే ఉంచుకున్నారు.

"పత్రికకు రాయాలి. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని," అన్నారు. కాసేపాగి, "మంగళవారం నీ ఇంటర్వ్యూ. బుధవారం రాద్దాం. ఒకరోజు ముందు రాసినంత మాత్రాన వాళ్ళకు ఒరిగేదేం లేదు. అబద్ధం చెప్పమనడం లేదు రొహాయా. బుధవారం అంటున్నా, అంతే."

అక్క ఆయన వైపు చూసింది. "అలాగే ప్రొఫ్. బుధవారం రాద్దాం."

నాకు ఊరట కలిగిందో, ఇంకేమైనా కలిగిందో చెప్పలేను. ఆ సాయంత్రం అక్క ఎప్పటిలాగే బస్సుకు వెళ్ళింది. మిగిలిన రెండాంగ్ డబ్బాలో సర్ది ఇల్యా కోసం పట్టుకెళ్ళింది.

మంగళవారం ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. మా అంతస్తులో సిగ్నలు సరిగా ఉండదని పై అంతస్తులో చిన్న గది తీసుకున్నాం. బొమ్మలు మార్చడానికి నన్ను పక్కన, కెమెరాకు కనపడకుండా కూర్చోమంది. అక్క ల్యాప్‌టాప్ తెరిచాను. అందులో రెండు ఫైళ్ళున్నాయి, పాతదీ కొత్తదీ. నేను ఆమె మొహం చూశాను. ఆమె తల మీది గుడ్డ సర్దుకుంటోంది.

తెర మీద ఐదుగురు కనిపించారు. పలకరింపులు అయ్యాయి. దేనిమీద నొక్కాలో తెలియక నా వేలు అలాగే ఉండిపోయింది. అక్క కెమెరా వైపే చూస్తూ, పెదవులు పెద్దగా కదపకుండా, "కొత్తది," అంది.

కొత్తదాంట్లో బొమ్మలు అవే. పేర్లు మారాయి. క్షేత్రం అన్న చోట చదును గీత, ఎలక్ట్రాన్లు అన్న చోట మెట్టు. మూడోది శుక్రవారం నాటిది, చివర చుక్కలు చెల్లాచెదురైనది.

ఐదుగురిలో ఒక పెద్దావిడ కళ్ళద్దాలు సవరించుకున్నారు. "డాక్టర్ రొహాయా, వ్యాసంలో ఇవి అటుదిటు ఉన్నాయి కదా?"

"వ్యాసంలో ఉన్నది తప్పండి. ఒక పెట్టె ప్లస్‌ను మైనస్ చేస్తోంది. మేము చూసుకోలేదు. శుక్రవారం తెలిసింది. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాం."

"అంటే ఎలక్ట్రాన్ల వల్లే తిరుగుతోంది. అది ముందే తెలిసిన సంగతి."

"అవునండి."

"మరి ఇందులో మీరు కనిపెట్టింది?"

"ఈ స్ఫటికంలో క్షేత్రం ఒక్కటే తిప్పలేదని. ఇన్సులేషన్ తెగేదాకా చూశాం."

"తెగాక?"

"తెగాక ముక్క లేదండి."

ఎవరో దగ్గారు. పక్కాయన ఇంకేవో రెండు ప్రశ్నలు అడిగారు, విద్యార్థులకు ఏం చెప్పగలరు, ఎప్పుడు చేరగలరు అని. వాటికి ఆమె మామూలుగా జవాబు చెప్పింది. పెద్దావిడ ధన్యవాదాలు అన్నారు. తెర నల్లబడింది.

నేను వైర్లు చుట్టాను.

"బుధవారం అన్నావు కదక్కా."

"పత్రికకు బుధవారమే రాద్దాం."

"మరి వీళ్ళకు?"

"ఆ ఉద్యోగం వస్తే రిటైరయ్యేదాకా అక్కడి పిల్లలకు ఆ రెండు బొమ్మలే చూపించాలి కదే. ఎన్నిసార్లు చూపిస్తాం?" ఆమె లేచి కుర్చీ వెనక్కి తోసింది. కుర్చీ వెనుక "సియావ్ ల్యాబ్. తీయకండి" అని ఉంది. మా ల్యాబు కుర్చీ పైకెలా వచ్చిందో తెలియదు. ఇద్దరం దాన్ని లిఫ్టులో కిందికి తెచ్చాం.

ఉద్యోగం రెండోవాళ్ళకు ఇచ్చారు. ఆ కబురు వచ్చిన రోజు ఇళంగో జోకులేమీ వెయ్యలేదు. మధ్యాహ్నం బయటికి వెళ్ళి అందరికీ టీ తెచ్చాడు. అక్క టీలో పంచదార మర్చిపోయి మళ్ళీ వెళ్ళి తెచ్చాడు. సియావ్ గారు అక్క ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించేలా చూశారు. ఆ పెట్టె మీద పాత లేబుల్ పూర్తిగా పీకేసి, సాకెట్ పైన కొత్తది అంటించారు. "మైనస్. జాగ్రత్త." అక్షరాలు పెద్దవి. అది అంటించేటప్పుడు ఆయన కళ్ళజోడు తీసి, దగ్గరగా వంగి, కింద ఏమీ లేదని వేలితో తడిమి చూశారు.

స్టీలు పాత్రను వేడెక్కనిచ్చి, చచ్చిన ముక్కను బయటికి తీశాం. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక మూల చిన్న నల్లటి మచ్చ ఉంది. మిగతాదంతా అందంగానే ఉంది.

ఆ శుక్రవారం సాయంత్రం నేను గాజుపెట్టె దగ్గర, తొడుగుల్లో చేతులు పెట్టి ఉన్నాను. అక్క బస్సు సంచి భుజాన వేసుకుని వచ్చింది. సియావ్ గారి బల్ల మీది లేబుల్ యంత్రం తీసుకుంది. మీటలు నొక్కుతుంటే చప్పుడు వినిపించింది. తర్వాత లేజర్ బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, కర్టెన్ గుడ్డ సంచిని ముందుకు లాగి, దుమ్ము తుడిచి, పట్టీ అంటించింది. అంచులు బొటనవేలితో నొక్కి, సంచిని మళ్ళీ లోపలికి తోసింది. నేనున్న చోటి నుంచి అక్షరాలు కనిపించాయి.

"రొహాయా. తీయకండి."

"వస్తానే లేహా. సోమవారం కలుద్దాం," అంది.

"మంచిది అక్కా."

ఆమె వెళ్ళాక నేను టేపు ముక్క చించి, కొత్త స్ఫటికం మీద నొక్కి, ఒలవడం మొదలుపెట్టాను.